పరిశోధన పత్రికలు, గ్రంథాలయ సహకారము, ఎల్లనున్న పాఠకుడు: ఒక విమర్శ

పరిశోధన ఫలము ఎవరిది అను ప్రశ్న పాతదే. నేలను త్రవ్వి పరిశీలించినవాడు, పరిశీలించినదానిని వ్రాసినవాడు, వ్రాసినదానిని అచ్చొత్తించినవాడు, అచ్చయినదానిని వెలపెట్టి కొన్న గ్రంథాలయము - వీరిలో ప్రతి యొక్కరికిని దానిపై ఎంతో కొంత హక్కు కలదని లోకము ఒప్పుకొనుచునే యున్నది. కాని ఆ నేలపై తరతరములుగా కాపురముండి, పన్ను చెల్లించి, పరిశోధనకు వ్యయమైన ధనమున తన పాలు కూడ ఇచ్చిన సామాన్య పాఠకుని హక్కు మాత్రము ఇంకను తేలలేదు. గ్రంథాలయములు కలసికట్టుగా పరిశోధన పత్రికలను కొనుట యొక మార్గము. పరిశోధనను వెల లేకుండ అందరికిని తెరచియుంచుట వేరొక మార్గము. ఈ రెండింటి గుణదోషములను, ముఖ్యముగా తెలుగు చదువుకొను సరిహద్దు ప్రాంతపు పాఠకుని దృష్టితో, పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

1. తెక్కలకోట నిదర్శనము

బళ్లారి నుండి సిరుగుప్పకు పోవు దారిలో తెక్కలకోట కలదు. చుట్టును వరిమళ్లు, వాని నడుమ రాతిగుట్టలు. ఈ గుట్టలపై 1960వ దశకపు పూర్వార్ధమున పూనా దక్కను కళాశాల పక్షమున ఎం. ఎస్. నాగరాజరావు, కె. సి. మల్హోత్రా గారలు త్రవ్వకములు జరిపిరి. క్రీస్తునకు పూర్వము రెండవ సహస్రాబ్దమున ఇచ్చటి జనులు గుట్టమీది చదునులలో గుడిసెలు కట్టుకొని, నునుపుచేసిన రాతిగొడ్డళ్లు వాడుకొని జీవించిరని ఆ త్రవ్వకముల వలన తేలినది. ఆ నివేదిక 1965లో పూనాలో ఆంగ్లమున ప్రకటితమైనది. తెక్కలకోట బోయల జీవనమున నవీన శిలాయుగ లక్షణములు కొన్ని ఎట్లు నిలిచియున్నవో చూపుచు నాగరాజరావు గారు వ్రాసిన వ్యాసము అదే సంవత్సరమున 'ఆంథ్రోపోస్' అను పత్రిక 60వ సంపుటమున వెలువడినది. విల్హెల్మ్ ష్మిట్ అను క్రైస్తవ మతాచార్యుడు 1906లో ఐరోపాలో స్థాపించిన మానవశాస్త్ర పత్రిక యది.

ఇచ్చట విమర్శకుడు ఆగి చూడవలసిన విషయ మొకటి కలదు. పరిశోధనకు వస్తువు తెక్కలకోట. పరిశోధించిన సంస్థ పూనాలోనిది. వ్యాసము చేరినది ఐరోపా పత్రికకు. ఎవరి పెద్దల జీవనమును గురించి ఆ పుటలు వ్రాయబడినవో, వారి మనుమలు నేడు ఈ ఊరి బడులలో చరిత్ర పాఠము చదువుచున్నారు. పాఠ్యపుస్తకమున నవీన శిలాయుగము కలదు. కాని తాము ఆడుకొను గుట్టయే ఆ యుగమునకు సాక్ష్యమని చెప్పు వ్యాసము వారి ఉపాధ్యాయుని చేతికి సులభముగా రాదు.

దీనితో పోల్చదగిన మరియొక విషయము. రాబర్ట్ బ్రూస్ ఫుట్ దక్షిణ భారతపు ప్రాచీన శిలాయుగ, నవీన శిలాయుగ వస్తువులను గురించి 1887లో బెంగాలు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వ్రాసిన వ్యాసమును నేడు ఎవరైనను అంతర్జాలమున ఉచితముగా చదువగలరు. గ్రంథస్వామ్యపు గడువు తీరుటయే దానికి కారణము. మన దేశమున 1957 నాటి గ్రంథస్వామ్య శాసనము, తరువాతి సవరణతో కలిపి, రచయిత మరణానంతరము 60 సంవత్సరముల వరకు ఆ హక్కును కాపాడుచున్నది. కాబట్టి మన ఊరిని గూర్చి దొర వ్రాసిన 19వ శతాబ్దపు వ్రాత మనకు చేరువయైనది; మన దేశీయ పండితులు వ్రాసిన 20వ శతాబ్దపు వ్రాత దూరమైనది. బి. సుబ్బారావు గారు 1948లో ప్రకటించిన బళ్లారి శిలాయుగ సంస్కృతుల గ్రంథమును, దాని తరువాత వచ్చిన త్రవ్వకముల నివేదికలను చదివినగాని ఫుట్ దొర అభిప్రాయములలో ఏది నిలిచినదో, ఏది తొలగినదో తెలియదు. పాతది మాత్రమే అందు పాఠకుడు పాత అభిప్రాయముతోనే ఉండిపోవును. శాస్త్రమున ఇది చిన్న నష్టము కాదు.

న్యాయముగా ఒక మాట చెప్పవలెను. ఆంథ్రోపోస్ పాత సంపుటములు జేస్టోర్ అను అంతర్జాల భాండాగారమున కలవు. చందా కట్టిన విశ్వవిద్యాలయములవారు వానిని నేరుగా చదువుదురు. ఇతరులు పేరు నమోదు చేసికొని నెలకు ఇన్ని వ్యాసములని తెరపై చదువుటకు ఆ సంస్థ కొంత వీలు కల్పించినది. ఇది మెచ్చదగినదే. అయినను దాత యిచ్చినది దానమగును గాని హక్కు కాదు. దానమును దాత ఎప్పుడైనను తగ్గించుకొనవచ్చును.

2. గ్రంథాలయోద్యమము నేర్పినది

తెలుగువారికి గ్రంథాలయ సహకారము పరాయి విద్య కాదు. హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము 1901లో వెలసినది. 1914 ఏప్రిలులో బెజవాడ రామమోహన గ్రంథాలయమున చిలకమర్తి లక్ష్మీనరసింహము గారి అధ్యక్షతను గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. అయ్యంకి వెంకటరమణయ్య గారు దానికి ప్రాణము పోసిరి. వేటపాలెమున 1918లో వెలసిన సారస్వత నికేతనము పాత పత్రికలను దాచి యుంచుటలో పేరెన్నిక గన్నది. 1935 ప్రాంతమున పాతూరి నాగభూషణము గారు కృష్ణా కాలువలపై పడవలో పుస్తకములను పల్లెలకు పంపించిరి. రాయలసీమ బిడ్డయైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు ఈ ఉద్యమమునకు చిరకాలము నాయకత్వము వహించిరి.

ఈ ఉద్యమపు సారమేమి? పుస్తకము కొనగలవానికే చదువు అను నియమమును తెలుగు పల్లె అంగీకరింపలేదు. గ్రంథాలయమునకు తలుపు ఒక్కటే, అది అందరికిని ఒక్కటే. షియాలి రామామృత రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రములలోని తాత్పర్యము కూడ ఇదియే. పుస్తకము వాడుకకు పుట్టినది గాని దాచుటకు పుట్టినది కాదని ఆయన సిద్ధాంతము.

కాని ఈ ఉద్యమము పుస్తకములను, వార్తాపత్రికలను చూచుకొన్నంతగా పరిశోధన పత్రికలను చూచుకొనలేదు. దానికి కారణము అశ్రద్ధ కాదు, వస్తుభేదము. పుస్తకమును ఒకమారు కొన్నచో అది అలమారలో నిలిచి యుండును. పరిశోధన పత్రికకు ఏటేట చందా కట్టవలెను. ఒక యేడు తప్పినచో వరుస తెగును. ఒక పుస్తకము దొరకనిచో అదే విషయముపై మరియొక పుస్తకము చదువవచ్చును; ఒక పరిశోధన వ్యాసమునకు బదులుగా మరియొక వ్యాసము పనికిరాదు. కనుక అమ్మువాడు చెప్పినదే వెల యగును. పాశ్చాత్య దేశములలో గత కొన్ని దశాబ్దములుగా పత్రికల వెలలు గ్రంథాలయముల ఆదాయమును మించి పెరిగి, సంపన్న విశ్వవిద్యాలయములే తల్లడిల్లుటకు మూలము ఇదియే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము 2019లో ఎల్సెవియర్ అను ప్రచురణ సంస్థతో ఒప్పందమును వదలుకొని, 2021లో గాని తిరిగి ఒడంబడలేదు. అంతటి సంస్థకే అట్లున్నచో, మన కళాశాలల మాట చెప్పనక్కరలేదు.

3. పంచుకొనుట నుండి కలసి కొనుట వరకు

గ్రంథాలయ సహకారమున రెండు దశలను గుర్తింపవచ్చును. మొదటి దశలో గ్రంథాలయములు తమకున్నదానిని పంచుకొనినవి. 1952లో యునెస్కో సాయముతో ఢిల్లీలో ఇన్స్‌డాక్ అను శాస్త్ర సమాచార కేంద్రము ఏర్పడి, కోరిన వ్యాసమునకు ప్రతిబింబము తీసి పంపు పద్ధతిని నెలకొల్పినది. ఏ పత్రిక ఏ గ్రంథాలయమున నున్నదో తెలుపు దక్షిణాసియా పత్రికల ఉమ్మడి సూచి మొదటి సంపుటమును రంగనాథన్ గారు, వారి సహచరులు 1953లో ప్రకటించిరి. 1981లో బెంగుళూరు రామన్ పరిశోధన సంస్థలో ఖగోళశాస్త్ర గ్రంథాలయములవారు సమావేశమై ఫోర్సా అను చిన్న కూటమిని ఏర్పరచుకొనిరి. నీవు ఈ పత్రిక తెప్పించుము, నేను ఆ పత్రిక తెప్పింతును, కావలసినప్పుడు ప్రతిని ఇచ్చిపుచ్చుకొందము - ఈ దశలోని నీతి ఇంతమాత్రమే. ఊరిలో ఒకరి యింట కాడి, ఒకరి యింట గుంటక ఉండి, అదనుకు ఇచ్చిపుచ్చుకొను రైతుల నీతి ఇది.

రెండవ దశలో గ్రంథాలయములు కలసి కొనుటకు మొదలిడినవి. పత్రిక కాగితమును వదలి అంతర్జాలమునకు మారుటయే దీనికి కారణము. సాంకేతిక విద్యాసంస్థల కొరకు ఇండెస్ట్, విశ్వవిద్యాలయముల కొరకు 2003 డిసెంబరులో నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు ప్రారంభించిన యూజీసీ-ఇన్ఫోనెట్, కర్ణాటకమున వైద్యకళాశాలల కొరకు 2003లో హెలినెట్ - ఇట్లు కూటములు పుట్టినవి. 2015లో కేంద్ర కూటములు ఈ-శోధసింధు అను పేరున ఏకమైనవి.

ఈ మార్పును మన విమర్శకులు కేవలము అభివృద్ధిగా వర్ణించుట కలదు. లాభము లేదనను. వేరువేరుగా బేరమాడిన నూరు గ్రంథాలయముల కంటె ఒక్కటై బేరమాడిన నూరు గ్రంథాలయములు తక్కువ వెలకు ఎక్కువ పత్రికలు పొందినవి. చిన్న విశ్వవిద్యాలయపు విద్యార్థికి పెద్ద విశ్వవిద్యాలయపు విద్యార్థితో సమానమైన పఠనావకాశము కలిగినది. ఇది నిజమైన మేలు. కాని మూడు విషయములు మరుగున పడినవి.

మొదటిది, కొన్నది వస్తువు కాదు, అనుమతి. కాగితపు సంపుటమునకు చందా ఆపినను పాత సంపుటములు అలమారలో నుండెడివి. అంతర్జాల పత్రికకు చందా ఆపినచో, ఒప్పందమున ప్రత్యేకముగా వ్రాసికొనిననే తప్ప, పాత పుటలు కూడ కనుమరుగగును. రెండవది, ప్రచురణకర్తలు పత్రికలను గంపగుత్తగా అమ్ముదురు. గంపలో కావలసినవి పది, అక్కరలేనివి వంద ఉన్నను వెల మొత్తమునకే. మూడవది మిక్కిలి ముఖ్యమైనది: ఒప్పందము ఎవరు చదువవచ్చునో పేర్కొనును. మొదటి దశలో గ్రంథాలయాధికారికి పరిచయ పత్రము చూపిన బయటి పాఠకుడు బల్లకడ కూర్చుండి చదువుకొనెడివాడు. రెండవ దశలో ఆ సంస్థ సభ్యుడు కానివానికి తెరయే తెరచుకొనదు. గ్రంథాలయాధికారి మనసు మంచిదైనను ప్రయోజనము లేదు. పంచుకొను దశలో పాఠకుల సంఖ్యకు హద్దు లేకుండెను. కలసి కొను దశలో హద్దు వ్రాతపూర్వకమైనది.

ఇచ్చట సముద్రము దాటిన ఒక ఉదాహరణమును చెప్పుట ఉచితము. అమెరికా వారు మనకు అమ్మిన ధాన్యమునకై మన ప్రభుత్వము రూపాయలలో చెల్లించిన ధనమును, పీఎల్-480 అను శాసనము క్రింద, 1962 నుండి వారి కాంగ్రెసు గ్రంథాలయము ఢిల్లీ కార్యాలయము ద్వారా మన పుస్తకములు, పత్రికలు కొనుటకు వినియోగించినది. తెలుగు పుస్తకములు, తెలుగు పత్రికలు కూడ అట్లు కొనబడి పలు అమెరికా విశ్వవిద్యాలయములకు పంపబడినవి. కొన్నవానికి క్రమము తప్పక సూచిక కూడ అచ్చువేసిరి. ఒక్క కార్యాలయము పలువురి కొరకు కొనుట, కొన్నదానిని జాబితా చేయుట, జాబితాను బహిరంగపరచుట - గ్రంథాలయ సహకారమునకు ఇంతకంటె చక్కని నమూనా అరుదు. ఐనను మన ధాన్యపు ఋణముతో కొన్న మన పత్రికల వరుసలు షికాగోలోను మాడిసన్‌లోను భద్రమైనవి. మన జిల్లా కేంద్రములలో అట్టి ఏర్పాటు జరుగలేదు. వారిని నిందించుటకు ఈ మాట చెప్పుట లేదు. కొనదగినదని వారికి తోచినది మనకు తోచకపోవుటను గమనింపవలెను.

4. 2025 నాటి ఏర్పాటు

కేంద్ర ప్రభుత్వము 2024 నవంబరు 25న 'ఒక దేశము, ఒక చందా' అను పథకమును ఆమోదించినది. 2025, 2026, 2027 అను మూడు సంవత్సరములకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 పత్రికలను, 6,300కు పైబడిన ప్రభుత్వ విద్యా పరిశోధన సంస్థలలోని దాదాపు 1.8 కోట్ల విద్యార్థులకు, అధ్యాపకులకు, పరిశోధకులకు అందించుట దీని లక్ష్యము. 2025 జనవరి 1 నుండి ఇది అమలునకు వచ్చినది. గాంధీనగరములోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ దీని నిర్వహణ భారము వహించుచున్నది.

లెక్క చూతము. ఏటికి 2,000 కోట్లు. పత్రిక యొక్కటికి సగటున ఏటికి సుమారు 15 లక్షల 38 వేల రూపాయలు. పాఠకుడొక్కనికి సుమారు 1,111 రూపాయలు. రెండవ అంకెను చూచినవారు ఇది చౌక యందురు. మొదటి అంకెను చూచినవారు ప్రియమందురు. ఇరువురును కొంతవరకు సత్యమే చెప్పుచున్నారు. ఎవరు ఎన్ని వ్యాసములు చదివిరి అను మూడవ అంకె తెలిసిననే గాని తీర్పు చెప్పరాదు. ఆ అంకెను సంస్థవారీగా ప్రజల ముందుంచుట ప్రభుత్వ ధర్మము.

వ్యయము కంటె పరిధి విమర్శనీయమైనది. 2020 చివర వెలువడిన శాస్త్ర సాంకేతిక విధానపు ముసాయిదాలో ఈ ఆలోచన తొలుత కనబడినప్పుడు, ఒక్క చెల్లింపుతో దేశములోని వ్యక్తులందరికిని వ్యాసములు అందవలెనని అందుండెను. అమలునకు వచ్చునప్పటికి 'దేశము' ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలుగాను, కేంద్ర పరిశోధన సంస్థలుగాను కుంచించినది. ప్రైవేటు కళాశాల అధ్యాపకుడు, ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు, పదవీ విరమణ చేసిన పండితుడు, పల్లెలోని వైద్యుడు, పొలముపై ప్రయోగములు చేయు రైతు - వీరు బయట నిలిచిరి. పేరులో దేశమంతయు కలదు. తలుపు లోపల దేశములో ఒక భాగమే కలదు.

బళ్లారిలో 2010లో ఏర్పడిన విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము ప్రభుత్వ విశ్వవిద్యాలయమే. అచ్చటి విద్యార్థికిని, అచ్చటికి గంట దూరమున బడిలో పాఠము చెప్పు ఉపాధ్యాయునికిని జిజ్ఞాసలో భేదము లేదు, నమోదులోనే భేదము. పైగా ఆ విద్యార్థిని అక్కడకు పంపునది ఈ ఉపాధ్యాయుడే. నీటిని చివరి మడి వరకు పారించక, కాలువ తల దగ్గరనే తూము మూసికొన్నట్లున్నది ఈ ఏర్పాటు. తుంగభద్ర కాలువల క్రింది రైతులకు ఈ పోలిక విడమరచి చెప్పనక్కరలేదు.

5. తెరచియుంచు పద్ధతి

కొనుట మాని తెరచియుంచుట రెండవ మార్గము. ఓపెన్ యాక్సెస్ అని నేడు దీనిని వ్యవహరించుచున్నారు. 2002 ఫిబ్రవరిలో ప్రకటితమైన బుడాపెస్ట్ ప్రకటనము దీనికి నిర్వచనము ఏర్పరచినది. పాఠకుడు వెల చెల్లింపక, అనుమతి కోరక, వ్యాసమును చదువుటకు, ప్రతి తీయుటకు, ఇతరులకిచ్చుటకు వీలుండవలెనని దాని సారము.

మన దేశము ఈ విషయమున వెనుకబడి లేదు. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ 2002లోనే తన పరిశోధకుల వ్యాసములకు అంతర్జాల భాండాగారమును నెలకొల్పినది. భారతీయ విజ్ఞాన అకాడమీ తన పత్రికలను ఉచితముగా అంతర్జాలమున ఉంచినది. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ 2009లో తన శాస్త్రజ్ఞులు వ్రాసినదంతయు బహిరంగ భాండాగారమున ఉంచవలెనని నియమము చేసికొనినది. జొన్న, కంది, శనగ, వేరుశనగలపై పరిశోధన మెట్టరైతుకు సంబంధించినది. అది మూసిన అలమారలో నుండరాదని వారు గ్రహించిరి. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ, జీవసాంకేతిక శాఖ 2014 డిసెంబరులో, తమ ధనముతో జరిగిన పరిశోధన వ్యాసములను భాండాగారములలో ఉంచవలెనని విధానము ప్రకటించినవి. విధానము మంచిది, పాలన మందము. నియమమును పాటింపని పరిశోధకునికి మరుసటి ధనసహాయము ఆగునను భయము లేనంతకాలము అది హితోపదేశముగానే ఉండును.

ఈ మార్గమునకును దోషము కలదు. పెద్ద ప్రచురణకర్తలు పాఠకుని వద్ద తీసికొను వెలను మాని, రచయిత వద్ద తీసికొనుట ప్రారంభించిరి. 'నేచర్' పత్రిక 2021 నుండి ఒక్క వ్యాసమును తెరచియుంచుటకు 9,500 యూరోలు నిర్ణయించినది. దేవుని గుడి తలుపు తెరచి, లోపల పాట పాడువానివద్ద పన్ను తీసికొన్నట్లయినది. చదువుటకు డబ్బులేనివాని యిక్కట్టు తీరి, వ్రాయుటకు డబ్బులేనివాని యిక్కట్టు మొదలైనది. కాబట్టి తెరచియుంచుట యనగానే చేతులు జోడింపరాదు. ఎవరి వ్యయముతో తెరచిరో అడుగవలెను. పరిశోధకుడు తన వ్యాసపు ప్రతిని సంస్థ భాండాగారమున ఉంచుట, పండిత పరిషత్తులు రచయిత వద్దగాని పాఠకుని వద్దగాని ధనము తీసికొనక పత్రికను నడుపుట - ఈ రెండే మన స్థితికి తగినవి.

6. మన యింటి సంగతి

ఇంతవరకు పరుల పత్రికలను గూర్చి చెప్పితిని. తెలుగు పరిశోధన మాట యేమి? 1911లో మద్రాసున స్థాపితమైన ఆంధ్ర సాహిత్య పరిషత్తు పత్రిక, 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ప్రారంభించిన 'భారతి' మన భాషలో పరిశోధనకు వేదికలు. భారతి 1991లో ఆగిపోయినది. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత పత్రికల పుటలను ప్రతిబింబములుగా తీసి అంతర్జాలమున ఉంచుటచేతను, భారత డిజిటల్ గ్రంథాలయమునకై హైదరాబాదు మొదలైన చోట్ల వేలకొలది పాత పుస్తకములకు అట్టి ప్రతులు తీయుటచేతను, ఇంటికడ నున్న పాఠకునికి కలిగిన మేలు ఇంతింత యనరానిది. గ్రంథస్వామ్యపు చిక్కులచే ఆ డిజిటల్ గ్రంథాలయపు తలుపు మూతపడినను, దాని ప్రతులు పెక్కు ఇతర భాండాగారములలో నిలిచినవి. ఒకే చోట దాచినది ఒకే దెబ్బకు పోవుననియు, పలుచోట్ల దాచినది నిలుచుననియు ఇందువలన తెలియుచున్నది.

విశ్వవిద్యాలయములలోని సిద్ధాంత వ్యాసములను ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి 'శోధగంగ' అందరికిని ఉచితముగా అందించుచున్నది. 2009 నాటి యూజీసీ నిబంధనలు దీనికి మూలము. తెలుగు సిద్ధాంత వ్యాసములును అందు కలవు. కాని వానిలో పెక్కు యూనికోడు లిపిలో గాక, పాత అచ్చు ఫాంటులలో కూర్చబడినవి, లేదా కేవలము బొమ్మలుగా చేర్చబడినవి. తెలుగు పదము టైపు చేసి వెదకినచో దొరకవు. తలుపు తెరచియున్నను దీపము లేని గది యది.

ఇక స్మారక సంచికల సంగతి. తెలుగు సంఘములు, దేశములోనివి గాని విదేశములలోనివి గాని, సభ జరిపినప్పుడెల్ల ఒక సంచికను వెలువరించును. పరిశోధన వ్యాసములకు నేడు మిగిలిన వేదికలలో ఇది ముఖ్యమైనది. సరిహద్దు తెలుగు మాండలికము, వలస వచ్చిన కుటుంబముల చరిత్ర, గ్రామ శాసనములు - ఇట్టి విషయములపై వ్యాసములు వేరెచ్చటను దొరకవు. కాని సభ ముగిసిన పిమ్మట ఆ సంచిక ఏమగుచున్నది? ప్రతినిధుల ఇండ్లకు పోవును. కొన్ని ప్రతులు కార్యాలయపు మూల కట్టలుగా నుండును. గ్రంథాలయమునకు చేరునవి స్వల్పము. జాబితాకెక్కునవి ఇంకను స్వల్పము. ఐరోపా పత్రిక మనకందలేదని ఆక్షేపించు మనము, మన సంచికను మన పొరుగు జిల్లాకు అందనిచ్చుచున్నామా? ఇది మనలను మనము అడుగుకొనవలసిన ప్రశ్న.

పరుల పత్రికలకు ఒక సమాధానము కలదు: వారు అమ్మి జీవింతురు. మన సంచికలు అమ్మకముపై జీవించునవి కావు. దాతల విరాళములతోడను, ప్రకటనలతోడను అచ్చగును. సభ్యులకు ఊరకయే పంచబడును. వ్రాసినవారికి పారితోషికము లేదు. కావున వానిని తెరచియుంచినచో ఎవరికిని నష్టము లేదు. నష్టము లేనిచోట కూడ మూసియుంచుట అలవాటు వలన జరుగుచున్నదే గాని న్యాయము వలన కాదు.

సరిహద్దు ప్రాంతమున ఈ లోపము మరింత బాధాకరము. బళ్లారి జిల్లా 1953 అక్టోబరు 1న విభజింపబడి, ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు, సిరుగుప్ప మొదలైనవి మైసూరునకు చేరినవి. నాటి వరకు ఒక్క జిల్లా గ్రంథాలయ వ్యవస్థలో నుండిన పాఠకులు రెండు రాష్ట్రముల శాసనముల క్రిందికి వచ్చిరి: అవతల 1960 నాటి ఆంధ్రప్రదేశ్ శాసనము, ఇవతల 1965 నాటి కర్ణాటక శాసనము. రెండు చోట్లను ఆస్తిపన్నుతో కలిపి గ్రంథాలయపు సెస్సు వసూలగుచునే యున్నది. కాని ఆదోనిలో ఏ తెలుగు పత్రిక కలదో బళ్లారికి తెలియదు. బళ్లారిలో ఏ పాత సంపుటము మిగిలియున్నదో ఆదోనికి తెలియదు. ఉమ్మడి సూచి లేనిచోట సహకారము మాటవరుసకే.

7. చేయదగిన పనులు

విమర్శ దోషములను చూపి ఊరకుండరాదు. మన శక్తికి లోబడిన పనులు కొన్నింటిని సూచించుచున్నాను.

ఒకటి. ప్రతి సంచికను 1954 నాటి గ్రంథ సమర్పణ శాసనము ననుసరించి కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, చెన్నై కన్నెమరా మొదలైన తక్కిన మూడు గ్రంథాలయములకును తప్పక పంపవలెను. ఇది దయ కాదు, విధి. తపాలా ఖర్చు తప్ప వేరు వ్యయము లేదు.

రెండు. వ్యాసకర్తల వద్ద ముందుగానే వ్రాతపూర్వకమైన అంగీకారము తీసికొని, సంచికను సభ నాడే అంతర్జాలమున ఉచితముగా ఉంచవలెను. ఒక చోట గాక రెండు మూడు చోట్ల ఉంచవలెను. కూర్పు యూనికోడు లిపిలో ఉండవలెను. అచ్చుకు పాత ఫాంటు తప్పనిసరియైనను, మూలప్రతిని యూనికోడులో వేరుగా భద్రపరుపవచ్చును.

మూడు. బళ్లారి, కర్నూలు, అనంతపురము ప్రాంతములలోని గ్రంథాలయములు, పాఠశాలలు, సంఘములు తమకడనున్న తెలుగు పత్రికల, సంచికల జాబితాను ఒకే పద్ధతిలో తయారుచేసి కలుపవలెను. పత్రిక పేరు, సంపుటము, సంవత్సరము, ఉన్నచోటు - ఈ నాలుగు గడులు చాలును. ఉన్నత పాఠశాల విద్యార్థులు వేసవి సెలవులలో చేయదగిన పని యిది. రంగనాథన్ గారు 1953లో చేసినది దేశమంతటికి. మనము చేయవలసినది మూడు జిల్లాల మేరకు.

నాలుగు. ప్రభుత్వ విశ్వవిద్యాలయముల గ్రంథాలయములలో బయటి పాఠకుడు వచ్చి, ఆ భవనమున కూర్చుండి చదువుటకు వీలుండవలెనని కోరవలెను. అనేక దేశములలో ప్రచురణకర్తల ఒప్పందములు దీనికి అవకాశమిచ్చుచున్నవి. 2027తో ప్రస్తుత పథకపు గడువు ముగియును. తరువాతి ఒప్పందమున జిల్లా కేంద్ర గ్రంథాలయములను కూడ చేర్చవలెనని తెలుగు, కన్నడ సంఘములు కలసి విన్నవించుట యుక్తము. ఈ విషయమున భాషాభేదము లేదు.

ఐదు. మన ప్రాంతముపై పరిశోధన చేయ వచ్చువారిని, వ్యాసపు ప్రతి నొకదానిని ఆ ఊరి పాఠశాలకు ఇచ్చునట్లును, తెలుగున గాని కన్నడమున గాని నాలుగు పుటల సారాంశము వ్రాయునట్లును కోరవలెను. పరిశోధకులు సాధారణముగా కాదనరు. అడుగువారు లేకుండుటయే లోపము.

ఈ పనులలో ఏదియు కోట్ల రూపాయలను కోరదు. కోట్లతో కొన్న 13,000 పత్రికలు మన యూరి బడికి రాకపోవచ్చును. మనము వ్రాసిన నూరు పుటలు రావచ్చును గదా! ముందు మన చేతిలోని తాళమును తీసిన పిమ్మట పరుల తాళమును గూర్చి అడుగుటకు మనకు బలము కలుగును. తెక్కలకోట గుట్టపై దొరికిన రాతిగొడ్డలి ఏ ప్రదర్శనశాలలో నున్నను చింత లేదు. దానిని గురించి వ్రాసిన మాట మాత్రము ఆ గుట్ట క్రింది పిల్లవానికి దక్కవలెను. ఈ సంచికయే ఆ మార్గమున మొదటి అడుగు వేయునట్లు సంఘపు పెద్దలు యోచింతురు గాక.